వారానికి తొంభై నిమిషాల థెరపీ, మిగతా వారమంతా ఇల్లే: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి ఒక తాత బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని. మాది మర్రిపాడు మండలంలో ఒక పల్లె. ఇన్నేళ్లలో ఆఫీసులకు నేను రాసినవన్నీ లీవ్ లెటర్లు, ఏరియర్స్ అర్జీలే. ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. సోమవారం గ్రీవెన్స్‌కు వచ్చి కాగితం ఇచ్చిపోవచ్చు కదా అని మా అమ్మాయే అడిగింది. అర్జీ అంటే ఒక పేజీ, ఒక కోరిక, ఒక నంబరు. నేను చెప్పాల్సింది అందులో ఇమడదు. పైగా ఇది మీతోపాటు ఇలాంటి పిలకాయలున్న ఇళ్లవాళ్లూ చదవాలని నా ఆశ.

మా అమ్మాయి కొడుక్కి ఆరేళ్లు. ఆటిజం. ఇంట్లో బుడ్డోడంటాం, ఇక్కడా అట్లాగే రాస్తాను. మంగళవారం, శుక్రవారం నేనూ మా అమ్మాయీ వాణ్ని నెల్లూరు తీసుకుపోయి ఆక్యుపేషనల్ థెరపీ చేయిస్తాం. పొద్దున ఆరున్నరకు ఊళ్లో బస్సు, ఆత్మకూరులో దిగి ఇంకో బస్సు, సంగం, బుచ్చి మీదుగా నెల్లూరు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు, స్త్రీశక్తి, మొదలైనప్పటి నుంచి మా అమ్మాయికి జీరో టికెట్. నాకు పాసు. వాడికి అర టికెట్. చార్జీల బరువు తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. రోజు మాత్రం మొత్తం పోతుంది. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది, నలభై అయిదు నిమిషాల థెరపీ కోసం.

ఆక్యుపేషనల్ థెరపీ అన్నప్పుడు మా ఊళ్లో ఒకాయన నవ్వి, "ఆరేళ్లోడికి అప్పుడే ఉద్యోగం ఏందన్నా" అన్నాడు. నేనూ మొదట అట్లాగే అనుకున్నా. అన్నం తన చేత్తో తినడం, చొక్కా తొడుక్కోవడం, పళ్లు తోమించుకోవడం, దొడ్డికి పోవాలని చెప్పడం, పదిమందిలో కాసేపు కూర్చోగలగడం, ఇవే పిల్లోడి ఉద్యోగాలని, వాటిని వాడి ఒంటికి, మనసుకు వీలయ్యేటట్లు నేర్పేదే ఈ థెరపీ అని తర్వాత తెలిసింది.

ఒక సంగతి చెప్తాను. పల్లెవెలుగు బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే ఉంటుంది, పైన బానెట్. నా సర్వీసులో ఆ బానెట్ మీద కూర్చున్న పిలకాయల్ని ఎంతమందిని లేపి వెనక్కి తోలానో లెక్కలేదు. ఇప్పుడు మా బుడ్డోడు బస్సెక్కితే నేరుగా అక్కడికే పోతాడు. బానెట్ మీద పరిచిన గోనెపట్ట మీద రెండు అరచేతులూ ఆనిస్తాడు. కాసేపటికి చెంప కూడా ఆనిస్తాడు. ఆ వణుకు ఒంట్లోకి ఎక్కేకొద్దీ వాడి భుజాలు దిగుతాయి, వేళ్లు ఆడించడం తగ్గుతుంది. అదే బస్సు ఎయిర్ హారన్ కొట్టిందంటే రెండు చెవులూ మూసుకుని సీటు కింద దూరి అరుస్తాడు. ఒక్కటే బస్సు. ఇంజను వాణ్ని ఊరడిస్తుంది, హారన్ హడలగొడుతుంది. ఏడాదిపాటు మాకు ఇది బోధపడలేదు. మొండితనం అనుకున్నాం. ఒకటి రెండుసార్లు నేనే చెయ్యి చేసుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

వాడు సీటు కింద అరుస్తుంటే బస్సంతా సలహాలే. "ఫోనియ్యమ్మా, ఊరుకుంటాడు." "రెండు తగిలిస్తే సరి." "పెంచలకోనకు మొక్కుకో తల్లీ." మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. తెలియదు, అంతే. నాకూ తెలియలేదు కదా, పొద్దున లేస్తే వందలమంది పిలకాయల్ని చూసిన ఉద్యోగం చేసి కూడా. ఒక డ్రైవరు మాత్రం, మాకు బంధువూ కాదు స్నేహితుడూ కాదు, ఒకరోజు వాడి ముఖం చూసి సంగం దాటేదాకా హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. దిగేటప్పుడు థాంక్స్ చెప్తే, "మా అన్న కొడుకు కూడా ఇట్లాగే సార్" అన్నాడు.

మేం మొదట పోయిన థెరపీ సెంటరులో (పేరెందుకు, ఇప్పుడది మూసేశారు) పిల్లోణ్ని లోపలికి తీసుకుని తలుపేసేవాళ్లు. నలభై అయిదు నిమిషాలు మేం బయట బెంచీ మీద. తలుపు సందులోంచి వాడి ఏడుపు వినిపిస్తుండేది. తర్వాత ఒక అమ్మాయి వచ్చి, "గుడ్ సెషన్" అని చెప్పి ఇంకొకరి పిల్లోణ్ని తీసుకుపోయేది. సెషన్‌కు 500. ఎనిమిది నెలలు తిరిగాం. లోపల ఏం చేశారో, ఇంటికాడ మేం ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు. మేమూ అడగలేదు, డాక్టర్ల దగ్గర అడిగే అలవాటు మాకు లేదు.

కండక్టర్‌ని కదా, లెక్క వదలను. పిల్లోడు రోజుకు పద్నాలుగు గంటలు మేలుకుని ఉంటాడనుకుందాం. వారానికి తొంభై ఎనిమిది గంటలు. అందులో థెరపీ గంటన్నర. మిగతా తొంభై ఆరున్నర గంటలు వాడు ఉండేది మా అమ్మాయి దగ్గర, మా ఆవిడ దగ్గర, నా దగ్గర. ఆ గంటలకు దారి చూపించకుండా ఈ గంటన్నరతో పని జరగదు సార్.

రెండో చోట మాకు అదృష్టం కలిసొచ్చింది. అక్కడ థెరపిస్టు పాతికేళ్ల పిల్ల, మొదటిరోజే మా ఆవిణ్ని కూడా లోపలికి పిలిచింది. "అవ్వా, మీ ఇంట్లో ఏమేం పనులుంటాయో చెప్పు" అనడిగింది. మా ఆవిడ అన్నీ చెప్పింది: నీళ్లు మొయ్యడం, చెనక్కాయలు ఒలవడం, రోట్లో పచ్చడి, చపాతీ పిండి. "ఇవన్నీ మందులే అవ్వా" అంది ఆ పిల్ల. బరువు మొయ్యడం, తొయ్యడం, గుంజడం, పిసకడం, ఇట్లాంటి పనులప్పుడు కండరాల్లోంచి, కీళ్లలోంచి మెదడుకు గట్టి కబురు పోతుందట. మా బుడ్డోడిలాంటి పిలకాయలకు ఆ కబురు అందితే ఒళ్లు కుదుటపడుతుందట. అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1970ల నాటికే ఈ ఇంద్రియాల సంగతి మీద పెద్ద పని చేసిందని కూడా చెప్పింది. అందరు పిలకాయలకూ ఒకటే మందు కాదని, ఒకడికి ఊయల హాయిగా ఉంటే ఇంకొకడికి కళ్లు తిరుగుతాయని, చూసుకుంటూ చెయ్యాలని మరీ మరీ చెప్పింది.

ఆరోజు నుంచి మా ఇంట్లో పనులు మారలేదు, పద్ధతి మారింది. చిన్న బిందెలో సగం నీళ్లు వాడే మోసుకొచ్చి తులసికోటలో పోస్తాడు. స్నానానికి ముందు తువ్వాలుతో కాళ్లూ చేతులూ గట్టిగా ఒత్తుతాం. దూలానికి పాత చీరతో ఊయల కట్టాం, అన్నానికి ముందు పది నిమిషాలు. సాయంత్రం చేటలో చెనక్కాయలు. ఒక కాయ ఒలిచి ఒక గింజ నోట్లో వేసుకుంటాడు, అది కూలీ. గోడ మీద బొమ్మలు అంటించాం: పళ్లు, స్నానం, ఇడ్లీ, బస్సు. మంగళవారం, శుక్రవారం మాత్రమే బస్సు బొమ్మ పెడతాం. బస్సు లేని రోజున గోడ దగ్గరికి పోయి చూసుకుని తనంతట తానే వెనక్కి వస్తాడు. మొదట్లో ఈ బొమ్మలు చూసి నేను నవ్వాను.

చొక్కా సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, నేను చేయించింది అదొక్కటే కాబట్టి. వాడి చొక్కాల గుండీలు మరీ చిన్నవి, వేళ్లకు పట్టు దొరకదు. నా పాత ఖాకీ యూనిఫాం తీశాను. దాని గుండీలు పెద్దవి, కాజాలు సడలిపోయి ఉన్నాయి. ఆ చొక్కా వాడికి మోకాళ్ల దాకా వస్తుంది. థెరపిస్టు చెప్పిన కిటుకు ఏంటంటే, మొదటి గుండీతో మొదలుపెట్టకూడదు. అన్నీ మనమే పెట్టాలి, ఆఖరిది కూడా సగం దూర్చి వదలాలి. వాడు చేసేదల్లా ఆ సగాన్ని అవతలికి గుంజడం. పని పూర్తిచేసింది వాడే అవుతాడు. అది వచ్చాక ఆఖరి గుండీ మొత్తం. తర్వాత ఆఖరి రెండు. మేం మామూలుగా మొదట్నుంచీ నేర్పేవాళ్లం, మూడో గుండీ దగ్గరికి వచ్చేసరికి వాడికి చిరాకొచ్చి విసిరికొట్టేవాడు. వెనకనుంచి రావాలన్న సంగతి ఎవరికి తడుతుంది? సగం గుండీ గుంజడానికే మూడు వారాలు పట్టింది. ఒకరోజు పొద్దున టీ తాగుతుంటే వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆఖరి రెండు గుండీలూ పెట్టి ఉన్నాయి, ఒకటి తప్పు కాజాలో. నేను దాన్ని సరిచెయ్యలేదు. ఆరోజంతా అట్లాగే తిరిగాడు.

ఇది చెప్పడానికి ఆ పిల్లకు పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం మేం ఎనిమిది నెలలు తిరిగాం.

అంతకుముందు పోయిన కాలం వేరే. బుడ్డోడికి రెండేళ్లప్పుడే మా అంగన్‌వాడీ టీచరమ్మ కనిపెట్టింది. పేరు పెట్టి పిలిస్తే తిరగడని, వేలు చూపించి అడగడని, బ్లాకులు ఇస్తే కట్టడం లేదు, వరస పేరుస్తున్నాడని మా అమ్మాయితో చెప్పింది. మేమే ఆమెను కసురుకున్నాం. పట్నంలో చూపిస్తే డాక్టరు, "మగపిల్లలకు మాటలు లేటు, అయిదేళ్లు రానీండి" అన్నాడు. మాకు కావాల్సిన మాట అదే కాబట్టి నమ్మేశాం. ఏడాదిన్నర పోయింది. మాతా శిశు రక్షణ కార్డులో ఏ నెలకు ఏం చెయ్యాలో బొమ్మలతో సహా ఉంటుంది, ఏది కనబడకపోతే డాక్టరుకు చూపించాలో కూడా ఉంటుంది. మా ఇంట్లో ఆ కార్డు టీకాల తారీఖుల కోసమే తెరిచాం. 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ఒక ప్రోటోకాల్ కూడా ఇచ్చింది. ముందే గుర్తించడం, కేంద్రంలో కలుపుకోవడం, పైకి పంపడం అన్నీ అందులో ఉన్నాయి. టీచరమ్మ చూసి చెప్పిన తర్వాత ఆమె మాటకు బలం ఇచ్చేవాళ్లు కావాలి. మాలాంటి మొండివాళ్ల ఇళ్లకు ఆమె వెంట ఇంకొకరు రావాలి.

ఆ ఏడాదిన్నరలో మేం తిరగని చోటు లేదు. మా అమ్మాయి మొహర్రంకు స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్యం రొట్టె పట్టుకుంది. ఎవరో ముస్లిం తల్లి ఇచ్చింది, తన కొడుకు కోలుకున్నాడని. దానికి నేను ఏమీ అనను. ఆ రోజు ఇంటికి వచ్చిన మా అమ్మాయి ముఖం నాకు గుర్తుంది. కానీ "స్టెమ్ సెల్ (మూలకణాల వైద్యం) చేస్తే ఆరు నెలల్లో మాటలొస్తాయి" అని చెప్పి లక్షలు అడిగినవాడి మీద మాత్రం నాకు కోపం ఉంది. ఆటిజానికి అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. మా అల్లుడు చేను బేరం పెట్టేదాకా పోయింది. చెప్పేవాళ్లు లేనిచోట అమ్మేవాళ్లు వస్తారు సార్.

ఇక మీతో పని.

మా మండలంలో ఇలాంటి పిలకాయల కోసం సమగ్ర శిక్ష వాళ్ల భవిత కేంద్రం ఉంది, సహిత విద్య టీచర్లున్నారు. ఇలాంటి కేంద్రాలు మండలాల్లో ఉన్నాయి. నెల్లూరులో సికింద్రాబాద్ జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కింద నడిచే దివ్యాంగుల కేంద్రం, కాంపోజిట్ రీజనల్ సెంటర్, ఉంది. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద పిల్లల్ని బడుల్లో, అంగన్‌వాడీల్లో పరీక్షించే టీములు ఊళ్లకు వస్తున్నాయి. గది ఉంది, టీచరు ఉంది, నెల్లూరులో తెలిసినవాళ్లు ఉన్నారు. ఈ మూడింటినీ కలిపే బస్సు లేదు. మర్రిపాడు, ఉదయగిరి, వింజమూరు, కలువాయి వైపు పల్లెల నుంచి పిల్లోణ్ని చంకనేసుకుని అందరూ నెల్లూరుకు రావాలా, లేకపోతే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు పదిహేను రోజులకోసారి ఇటు రావాలా? నేను బస్సులో బతికినవాణ్ని. ఒక మనిషి ప్రయాణం చౌకా, నలభై కుటుంబాల ప్రయాణం చౌకా అన్నది నాకు కూడిక అక్కర్లేకుండానే తెలుసు.

తారీఖు మాత్రం ఖాయంగా ఉండాలి. ఒకటో తారీఖు తెల్లారేసరికి సచివాలయం పిల్లలు ఇంటికొచ్చి పింఛను ఇచ్చిపోతున్నారు. దివ్యాంగులకు 6000. అది రావడం ఎంత ఊరటో మా వీధిలో చూస్తున్నాను. ఒకటో తారీఖంటే అందరికీ తెలుసు, ఎవరూ ఊరు వదిలిపోరు. థెరపిస్టు వచ్చే రోజు కూడా అట్లాగే అందరికీ తెలియాలి. "ఈ నెల క్యాంపు వాయిదా" అని గేటు దగ్గర కాగితం అంటిస్తే, కూలి మానుకుని వచ్చిన తల్లి మళ్లీ రాదు.

వచ్చిన థెరపిస్టు తలుపు వెయ్యకూడదు. అమ్మ, అవ్వ, ఎవరు పెంచుతుంటే వాళ్లు లోపల కూర్చోవాలి, వాళ్ల చేత చేయించి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు నుంచి తొమ్మిదేళ్ల ఇట్లాంటి పిల్లల కుటుంబాల కోసం ఒక శిక్షణ తయారుచేసింది. తొమ్మిదిసార్లు అందరూ కలిసి కూర్చోవడం, మూడుసార్లు ఇంటికి వచ్చి చూడడం. నేర్పేది డాక్టరే కానక్కర్లేదు, శిక్షణ ఇస్తే అంగన్‌వాడీ టీచర్లు, సహిత విద్య టీచర్లు కూడా నేర్పగలరు. దాన్ని తెలుగులో, మా తెలుగులో పెట్టించండి. "సెన్సరీ ఓవర్‌లోడ్" అన్న మాట మా ఆవిడకు చెప్తే తలూపి ఊరుకుంటుంది. "హారన్ వాడి తలలో సుత్తితో కొట్టినట్లుంటుంది అవ్వా" అంటే ఆమె ఇంకెప్పుడూ వాడి దగ్గర మిక్సీ వెయ్యదు, దాన్ని పక్కగదికి తీసుకుపోతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

ఒక్కటి గట్టిగా అడుగుతున్నాను. సర్టిఫికెట్ ఉంటేనే రండి అని మాత్రం పెట్టొద్దు. దివ్యాంగుల హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది, చదువులో ఇబ్బంది పడే పిల్లలూ ఉన్నారు. మంచిదే. కానీ కుదురు, ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో లేదు. మా పక్కవీధిలో ఒక పిల్లోడున్నాడు, కుదురుగా అయిదు నిమిషాలు కూర్చోలేడు, బళ్లో రోజూ దెబ్బలే. వాడికి వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరంలో కాగితం రాదు. అనుమానం దశలో ఉన్న రెండేళ్ల బిడ్డకూ రాదు. పింఛనుకు కాగితం కావాలి, న్యాయమే. గుండీ ఎట్లా పెట్టించాలో చెప్పడానికి కాగితం ఎందుకు?

ఆటిజంలాంటి ఇబ్బందులున్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా ఉందని, లక్ష రూపాయల దాకా వైద్యానికి, థెరపీకి కూడా వర్తిస్తుందని మాకు తెలిసింది ఎట్లాగో తెలుసా సార్? బస్సులో. నేను చెప్పిన ఆ డ్రైవరు చెప్పాడు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కిందే జిల్లాలో ఒక కమిటీ ఉంటుందని, దానికి మీరే అధ్యక్షులని, పిల్లలకు పద్దెనిమిదేళ్లు దాటాక గార్డియన్‌ను నియమించేది ఆ కమిటీయేనని ఆ తర్వాత విన్నాను. నాకు అరవై ఆరు. బుడ్డోడికి పద్దెనిమిది వచ్చేసరికి నేను ఉంటానో లేదో. ఈ రెండు ముక్కలు ప్రతి సచివాలయం గోడ మీద రాయించడానికి పెద్ద ఖర్చు కాదు.

ఏప్రిల్ 2న ర్యాలీ మాత్రం వద్దండీ. ఆటిజం దినోత్సవం అని ఒకసారి పోయాం. నీలం బెలూన్లు, మైకు, డప్పులు. మైకు మొదలుపెట్టగానే వచ్చిన పిల్లల్లో సగంమంది చెవులు మూసుకున్నారు. బుడ్డోడు ఒక ఆటో వెనక దాక్కున్నాడు. ఆ డబ్బుతో రెండు కేంద్రాలకు ఊయలలు కొనొచ్చు.

మా అమ్మాయి గురించి రాయొద్దని తను చెప్పింది, కొంచెం రాస్తాను. డిగ్రీ చదివింది. బుడ్డోడి కోసం ఉద్యోగం మానేసింది. "ఫోన్ చూపించి పెంచబట్టే ఇట్లా అయ్యాడు" అని పెళ్లిళ్లలో అంటే విని ఊరుకుంటుంది. తల్లి పెంపకం వల్ల ఆటిజం రాదు. ఇది ఒక్కసారి ఎవరైనా ఆఫీసరు గారు, మెడలో ఐడీ కార్డు ఉన్నవాళ్లు, మా ఊళ్లో పదిమంది ముందు చెప్తే చాలు. నేను చెప్తే తండ్రి కాబట్టి వెనకేసుకొస్తున్నాడంటారు. ఇప్పుడు పోయే థెరపీ సెంటరు వరండాలో మిగతా తల్లులతో మాట్లాడేటప్పుడే మా అమ్మాయి నవ్వడం చూస్తాను. ఉప్పులేని అన్నం తినే పిల్లల గురించి, జుట్టు కత్తిరించడానికి ఎవరెవరిని పట్టుకోవాల్సి వచ్చిందో దాని గురించి చెప్పుకుని నవ్వుకుంటారు. బుచ్చిలో ఒక మంగలాయన ఉన్నాడట, మిషన్ వాడకుండా కత్తెరతో, పిల్లోడు ఆడుకుంటుంటే వాడి వెనకే తిరుగుతూ చేస్తాడట. ఆ కబురు వరండాలోనే దొరికింది. మండలంలో ఆ గది తెరిస్తే, థెరపిస్టు రాని వారం కూడా తల్లుల కోసం తెరిచి ఉంచమనండి. టీ మేం కాచుకుంటాం.

మీరు ఈ వైపు పర్యటనకు వస్తే ఏదో ఒక మంగళవారం మాతో బస్సులో రండి. కారు కాదు, బస్సే. ఆరున్నరకు మా ఊళ్లో ఎక్కితే ఆత్మకూరు దాకా సీటు దొరుకుతుంది. బానెట్ పక్క సీటు మాత్రం బుడ్డోడిది, అది అడగొద్దు. డ్రైవరుకు హారన్ సంగతి నేను చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
మీ జిల్లాలో ఒక రిటైర్డ్ కండక్టర్,
మర్రిపాడు మండలం